తాళాల పిన్ని తోడికోడలు

తాళాల పిన్ని మేడమెట్లు దిగుతుంటే ఎదురు వీధిలో పడుకున్న కుక్క కూడా లేచి సర్దుకుని కూర్చుంటుంది. అంత చప్పుడు. నడుముకి దోపుకున్న ఇనుప రింగుకి నలభై రెండు తాళంచెవులు. వాటిలో సగం దేనివో పిన్నికే తెలియదు. కొన్ని తాళాలు తుప్పుపట్టి పోయాయి, కొన్ని తలుపులు చెదలు తిని పోయాయి, ఒక తాళంచెవి అయితే ఎప్పుడో కూలగొట్టిన గేటుది. అయినా తీయదు. "ఏమో, ఎప్పటికైనా పనికొస్తుంది" అంటుంది. తీద్దామన్నా రింగు మూతి బిగుసుకుపోయి చాలా ఏళ్ళయింది. ఆమె భర్త ఒకసారి నూనె పోసి, పట్టకారుతో లాగి, చివరికి పట్టకారునే విరగ్గొట్టుకున్నాడు.

పిన్నిది ఆడపిల్లల హాస్టల్. మూడంతస్తులు, నలభై ఎనిమిది మంచాలు, ఎప్పుడూ ఎవరో ఒకరు లోపలే ఉండిపోయే ఆరు స్నానాల గదులు. ఆమె అక్క కూతురు ఒకామె అక్కడే ఉండి చదువుకుంటూ "పిన్నీ, పిన్నీ" అని పిలిచేది. ఆ పిల్ల చదువైపోయి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లయింది కానీ ఆ పిలుపు మాత్రం హాస్టల్ ఖాళీ చేయలేదు. వీధి వీధంతా పిన్నే అంటుంది.

గేటు మీద బోర్డు ఉంది. దాని మీద హాస్టల్ పేరు చీమల బారులా ఉంటుంది, దాని కింద "ఇంటి భోజనం" అన్న మాట మాత్రం తాటికాయంత అక్షరాల్లో ఉంటుంది. అది ఒట్టి మాట కాదు. ఆ వంట వాసనకి దారిన పోయేవాళ్ళు ఆగి, లేని చుట్టరికాలు కలుపుకున్నారంటే నమ్మాలి. ఆ వాసన వెనక ఉన్న మనిషి వంటావిడ. పదకొండేళ్ళుగా అక్కడే పని చేస్తోంది. మాట్లాడేది తక్కువ, కానీ మాట్లాడిందంటే ఉల్లిపాయ తరిగినట్టే. ఎదుటివాళ్ళ కళ్ళు మండాల్సిందే.

రోజూ తెల్లవారుజామున వంటావిడ సామాన్ల గది ముందు నిలబడి, "అక్కా, తాళం!" అని ఒక్క కేక వేస్తుంది. ఆ కేకకే హాస్టల్లో సగం మంది లేస్తారు. వాళ్ళకి వేరే అలారం లేదు. పిన్ని మోకాళ్ళు పట్టుకుంటూ పైనుంచి దిగి, తాళం తీసి, అల్యూమినియం మగ్గుతో బియ్యం కొలిచి, పైన వేలితో చదును చేసి మరీ పోస్తుంది. గుప్పెడు ఎక్కువ కాదు, గింజ తక్కువ కాదు. వంటావిడ గిన్నె పట్టుకుని అప్పు అడగడానికి వచ్చినదానిలా గుమ్మం బయటే నిలబడుతుంది. లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేదు.

పిన్ని పుట్టుకతో ఇలాంటిదేమీ కాదు. వంటావిడకి ముందు ముగ్గురు వంటవాళ్ళు పనిచేసి వెళ్ళారు. మూడోవాడు పోతూ పోతూ తోడుగా ఒక బియ్యం బస్తా కూడా తీసుకెళ్ళాడు. ముగ్గురూ పోయింది ఒకే మనిషి దగ్గరికి. ఆయన పేరు లిఫ్టాయన.

లిఫ్టాయనకి అయిదు హాస్టళ్ళు. ఒక దాంట్లో లిఫ్టు పెట్టించాడు. అది రెండో అంతస్తు దాటదు. మిగతా రెండంతస్తులూ పిల్లలు మెట్లెక్కాల్సిందే. అయినా పేరు మాత్రం నిలబడిపోయింది. ఎవరి వంటగదిలో చెయ్యి తిరిగిన మనిషి ఉందో గాలి వాసన చూసి చెప్పేస్తాడు. హాస్టల్ యజమానుల సంఘం ఏటా ఒక పెద్ద హోటల్లో సదస్సు పెడుతుంది. ఆ సదస్సు అయిన వారం లోపల ఎవరిదో ఒకరి పొయ్యి ఆరిపోతుంది. ఎందుకంటే ఆ రోజు యజమానులందరూ సదస్సులో కుర్చీలు వేడెక్కిస్తుంటే, లిఫ్టాయన మనుషులు వీధుల్లో వంటగదుల వెనక తలుపులు తడుతుంటారు.

అందుకే సదస్సులో ఒక ఆచారం పుట్టింది. ఏడాదంతా "మా దగ్గర ఇంటి భోజనం" అని ఊదరగొట్టే యజమానులు ఆ ఒక్క రోజు మాత్రం, "మా వంటా? అయ్యో, పశువులు కూడా ముట్టవండీ" అని పోటీలు పడి సొంత తిండిని తిట్టుకుంటారు. వంట బాగుందని ఒప్పుకున్నవాడు వంటమనిషిని పోగొట్టుకున్నట్టే.

ఇంత తెలిసిన పిన్ని కూడా ఆ ఏడు పప్పులో కాలేసింది.

సదస్సుకి రెండు నెలల ముందు సంఘం వాళ్ళు ఒక ఫారం పంపారు. "మీ హాస్టల్లో రోజూ పారేసే అన్నం ఎంత?" అని ఒక ప్రశ్న. తెలివైనవాళ్ళంతా "రెండు డ్రమ్ములు", "మూడు డ్రమ్ములు" అని రాశారు. పిన్ని మాత్రం నిటారుగా కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, "చిన్న గిన్నెడు. అది కూడా పిల్లి కోసం కావాలని మిగిల్చేది" అని రాసింది. తన మగ్గు గొప్పతనం లోకానికి తెలియాలని ఆమె ఉబలాటం.

ఒకరోజు మధ్యాహ్నం సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "అభినందనలమ్మా! అతి తక్కువ వృథా బహుమతి మీకే. స్టేజీ మీద ఇస్తాం."

పిన్ని మొహం పొంగిన పాలలా అయింది. పాలు పొంగి ఎంతసేపు నిలబడతాయో ఆ సంతోషమూ అంతసేపే నిలబడింది. ఫోన్ పెట్టేసి, గోడకి ఆనుకుని, నేల మీద కూలబడింది.

"ఏమైందే?" అన్నాడు భర్త పేపరు దించకుండా.

"నాకు బహుమతి వచ్చిందండీ."

"దానికి ఏడుపెందుకు?"

"తక్కువ పారేస్తున్నామంటే తిండి బాగుందనేగా అర్థం? లిఫ్టాయన చెవిన పడితే ఇంకేమైనా ఉందా? మన వంటావిడ రేపటికి వాళ్ళ వంటింట్లో ఉంటుంది!"

"అందరూ అబద్ధాలు రాసే చోట నిన్నెవరు నిజం రాయమన్నారు?"

"రాసేశాను. ఇప్పుడేం చేయాలో చెప్పండి."

"వెళ్ళకు."

"వెళ్ళకపోతే షీల్డు ఎలా ఇస్తారు?" అంది పిన్ని. భయం భయమే, షీల్డు షీల్డే. "నేను వెళ్తే ఇక్కడ ఆమె ఒంటరిగా ఉంటుంది. వెనక తలుపు తడతారు. అయినా మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే."

భర్త కాదనలేదు. అది నిజమే కాబట్టి.

రెండు రోజులు పిన్ని కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది. మూడో రోజు మెట్ల మీదే ఉపాయం తట్టింది. వంటావిడని కూడా వెంట తీసుకెళ్తే సరి! కళ్ళ ముందే ఉంటుంది. కానీ వంటావిడగా కాదు.

"మా తోడికోడలు అని చెప్తాను" అంది భర్తతో.

"నాకు తమ్ముడే లేడు కదే?"

"ఒక్కరోజుకి ఉన్నాడనుకోండి."

"నాకు చెప్పకుండా వాడికి పెళ్ళి కూడా చేసేశావా?"

"తోడికోడళ్ళంటే ఎవరికీ అనుమానం రాదండీ. మేమిద్దరం అక్కడ పోట్లాడుకున్నా సహజంగానే ఉంటుంది."

వంటావిడ ఆ సంగతంతా కూర కలుపుతూనే వింది. "మరి నా మొగుడు ఏం చేస్తుంటాడు?" అని అడిగింది.

"ఊళ్ళో లేడని చెప్దాం."

"అబద్ధమెందుకు, అసలు మొగుడు కూడా అంతేగా" అంది, మంట తగ్గిస్తూ.

సదస్సు రోజు వంటావిడ చీకట్లోనే రెండు పూటలకీ వండి మూతలు పెట్టేసింది. పిన్ని తన పట్టుచీర ఒకటి ఆమెకి ఇచ్చి కట్టించింది. కొంగు నడుముకి బిగించొద్దనీ, ఎక్కడైనా మూత కనిపిస్తే ఎత్తి చూడొద్దనీ దారి పొడుగునా చెప్తూనే ఉంది.

హోటల్ గుమ్మంలో బల్ల వెనక ఒక అమ్మాయి మెడలో వేసుకునే కార్డులు రాసి ఇస్తోంది.

"ఈమె?" అంది.

"మా తోడికోడలు."

"హోదా ఏం రాయమంటారు మేడమ్?"

పిన్ని ఇంట్లో వాక్యాలన్నీ వల్లె వేసుకుంది కానీ ఈ ప్రశ్న ఒకటి వస్తుందనుకోలేదు. "పా... పార్టనర్" అంది.

ఆ అమ్మాయి రాసి ఇచ్చింది. వంటావిడ కార్డుని కూడబలుక్కుని చదివి, "అంటే ఏంటక్కా?" అని అడిగింది.

"సగం యజమాని అని. ఊరికే, ఈ ఒక్కరోజుకే."

"సగమా!" అని వంటావిడ ఆ కార్డుని తిప్పి వెనక వైపు కూడా చూసుకుంది. మిగతా సగం అక్కడేమైనా ఉందేమోనని కాబోలు.

లోపల మూడు వందల మంది హాస్టల్ యజమానులు ఉన్నారు. అలాంటి వాళ్ళు మూడు వందల మంది ఒక చోట చేరితే ఆ హోటల్ వాళ్ళ గతి పగవాడికి కూడా వద్దు. వచ్చినవాడు వచ్చినట్టే స్నానాల గదిలోకి దూరి కుళాయి తిప్పి నీళ్ళ జోరు చూస్తున్నాడు. పరుపుల స్టాలు దగ్గర బూట్లతోనే పడుకుని అటూ ఇటూ పొర్లుతున్నారు. ఒకాయన పొర్లి పొర్లి అక్కడే గురక పెట్టాడు. నల్లుల మందు అమ్మేవాడి చుట్టూ జనం మూగారు కానీ, "మీ దగ్గర నల్లులున్నాయా?" అని వాడు అడిగితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు.

ఎవరో కోటు వేసుకున్నాయన "భవిష్యత్తులో హాస్టళ్ళు" అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలకే జనం టీకి లేచారు. హాస్టల్ నడిపేవాళ్ళ చెయ్యి గది దాటేటప్పుడు దానంతట అదే స్విచ్చు మీదకి పోతుంది, అది ఏళ్ళ అలవాటు. మొదట బయటికి వెళ్ళినాయన ఒక లైటు ఆర్పాడు. రెండో ఆయన ఇంకోటి. ఆ వెనకామె ఫ్యాన్లు. ఆర్పడానికి ఏమీ మిగలనివాళ్ళు ఏసీ మీద పడ్డారు. చివరికి ఒకావిడ మైకు ప్లగ్గు కూడా పీకేసి, "ఊరికే కాలుతోంది పాపం" అంది. చీకట్లో, ఉక్కలో, గొంతు వినపడకుండా ఆ కోటాయన భవిష్యత్తు గురించి ఇంకా చెప్తూనే ఉన్నాడని తర్వాత తెలిసింది.

టీ అయ్యాక "పరిచయాల ఆట". ఎదురెదురు కుర్చీల్లో ఇద్దరేసి కూర్చోవాలి. రెండు నిమిషాలు మాట్లాడుకుని, కార్డులు మార్చుకుని, గంట కొట్టగానే పక్క కుర్చీకి జరగాలి. హాలంతా ఒకటే మాట.

"మా దగ్గర వంట దరిద్రమండీ."

"మీదే నయం. మా దగ్గర అన్నం గోడకి కొడితే గోడే ఊడుతుంది."

"మా పిల్లలు ఉపవాసాలు అలవాటు చేసుకున్నారు."

పిన్ని కూడా యథాశక్తి తిట్టుకుంటూ జరుగుతోంది. గంట నాలుగోసారి మోగాక తలెత్తి చూసింది. రెండు కుర్చీల అవతల వంటావిడకి ఎదురుగా లిఫ్టాయన కూర్చున్నాడు! పిన్ని మెడ చాచి చెవులు రిక్కించింది. తన ఎదుట కూర్చున్నాయన వాళ్ళ హాస్టల్ నీళ్ళ ట్యాంకు గురించి చెప్తున్నదంతా ఆ ట్యాంకులోనే పోయింది.

"నమస్కారమమ్మా. పిన్నిగారి పార్టనరా?" అన్నాడు లిఫ్టాయన తేనె ఒలకబోస్తూ.

"కార్డు మీద అలాగే ఉంది."

"మీ వంట చాలా బాగుంటుందట?"

"ఎవరు చెప్పారు? వాళ్ళకి నాలుక లేదేమో చూడండి."

"మరి అన్నం మిగలదంటున్నారు?"

"పెట్టేదే పిడికెడు. మిగలడానికి ఏముంటుంది?"

పిన్ని ఆనందంతో ఉబ్బిపోయింది. తోడికోడలంటే ఇలా ఉండాలి!

"వంటావిడ ఎలాంటిది?" లిఫ్టాయన వదల్లేదు.

"ముసలిది. చెవుడు. మీరు పిలిచినా వినపడదు."

లిఫ్టాయన నవ్వాడు. కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గించాడు. "పోనీ ఒక్క మాట చెప్పండి. ఆ ముసలావిడకి అక్కడ లోటేమిటి?"

ఉల్లిపాయ తరిగినట్టు మాట్లాడే వంటావిడ ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేదు. మెడలో కార్డుని వేళ్ళతో నిమురుతూ ఉండిపోయింది. గంట మోగింది. పిన్ని గుండెలో మోగినట్టే మోగింది.

సాయంత్రం బహుమతులు. కార్యదర్శికి మైకు దొరికితే ఉడుం పట్టే. పిన్ని పేరు పిలిచాడు, చప్పట్లు కొట్టించాడు, "మీ పార్టనర్ని కూడా రమ్మనండి" అని వంటావిడనీ పైకి ఎక్కించాడు. షీల్డు చేతికి ఇచ్చి, అక్కడితో ఊరుకోకుండా, "ఈ విజయ రహస్యం ఏమిటో రెండు మాటలు చెప్పాలి" అన్నాడు.

పిన్ని ఎదురు చూస్తున్న క్షణమే అది. గొంతు సవరించుకుంది. "కొలతండీ! కొలతే అంతా. సామాన్ల గదికి తాళం వేయాలి. తాళం మన దగ్గరే ఉండాలి. మన చేత్తో మగ్గుతో కొలిచి, వేలితో చదును చేసి ఇవ్వాలి. అంతే, గింజ వృథా కాదు!" అని నడుముకున్న రింగు తీసి గలగలా ఊపింది. హాలంతా చప్పట్లు. ఇద్దరు ముగ్గురు "మగ్గు" అని రాసుకున్నారు కూడా.

కార్యదర్శి మైకు వంటావిడ ముందు పెట్టాడు. "మీరు కూడా ఒక మాట?"

పిన్ని కళ్ళతోనే వద్దంది. వంటావిడ అటు చూడలేదు.

"కొలిచి ఇస్తే సరిపోతుందా అండీ, ఎంతమంది తింటారో తెలియొద్దూ?" అంది. "నేను సాయంత్రం గుమ్మం దగ్గర చెప్పులు చూస్తాను. ఎత్తు మడమల చెప్పులు లేవంటే ఆ పిల్ల బయట తినేసి వస్తుంది. రబ్బరు చెప్పులన్నీ ఉన్నాయంటే పరీక్షలు, అందరూ గదుల్లోనే ఉన్నారు, అన్నం తక్కువ, పెరుగు ఎక్కువ. ఎవరివైనా ఒక చెప్పు అటు, ఒక చెప్పు ఇటు పడి ఉంటే ఆ పిల్ల ఏడుస్తూ వచ్చిందన్నమాట. ఆ పూట ముట్టదు. మర్నాడు పొద్దున్న ఇద్దరి తిండి తింటుంది. దానికి ముందే తీసి పెట్టుకోవాలి."

"చెప్పులా?" అంది పిన్ని. ఆ మాట మైకులో పడి హాలంతా వినిపించింది.

"మరి పిన్నిగారి మగ్గు?" అన్నాడు కార్యదర్శి.

"మగ్గు మంచిదేనండీ. అక్క రోజూ ఒకే కొలత ఇస్తుంది. తక్కువ తినే రోజు రెండు మగ్గులు తీసి పొయ్యి వెనక డబ్బాలో పోస్తాను. ఎక్కువ తినే రోజు ఆ డబ్బాలోంచి తీస్తాను. పదకొండేళ్ళుగా అక్క కొలతా తప్పలేదు, నా వంటా తప్పలేదు."

మూడు వందల మంది లేచి నిలబడి కొట్టిన చప్పట్లకి పైన వేలాడే దీపాలు ఊగాయి. ఆ మర్నాడు ఎన్ని వంటగదుల్లో పొయ్యిల వెనక సోదాలు జరిగాయో లెక్కలేదు. పిన్ని మాత్రం షీల్డు పట్టుకుని రాయిలా నిలబడిపోయింది. తన మగ్గు పరువు పోయింది. అంతకంటే ముఖ్యంగా, ఆ మాటలతో ఈమె తోడికోడలు కాదని పసిపిల్లవాడికి కూడా తెలిసిపోయింది.

మెట్లు దిగిన వంటావిడని లిఫ్టాయన దారిలోనే ఆపాడు. పిన్ని పరుగెత్తబోతే ఫోటోగ్రాఫర్ అడ్డం పడ్డాడు. "మేడమ్, షీల్డు కాస్త పైకి. ఇటు చూడండి. నవ్వండి." పిన్ని నవ్వింది. చెవులు మాత్రం అటే.

"మీరే ఆ ముసలి చెవిటావిడ" అంటున్నాడు లిఫ్టాయన. "మా దగ్గరికి వచ్చేయండమ్మా. గాలి, వెలుతురు వచ్చే వంటిల్లు. తరగడానికి ఇద్దరు మనుషులు. జీతం మీరు ఎంతంటే అంత. సామాన్ల గదికి అసలు తాళమే ఉండదు. మీకు ఏం కావాలో మీరే తీసుకోండి."

జీతం మాటకి కదలని వంటావిడ ఇక్కడ తలెత్తింది. "తాళమే ఉండదా?"

"నేనేమన్నా తాళాల పిన్నినా?"

ఆ ఫోటో ఇప్పటికీ హాస్టల్ ఆఫీసు గదిలో ఉంది. అందులో పిన్ని పెదాలు నవ్వుతుంటాయి, కనుగుడ్లు రెండూ ఫోటో దాటి పక్క గోడ మీదకి పోయి ఉంటాయి.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మధ్యలో షీల్డు.

"ఏమన్నాడు?" అంది పిన్ని, ఏమీ వినని దానిలా.

"లిఫ్టు ఉందన్నాడు."

"రెండో అంతస్తు దాటదది."

"తెలుసు."

"ఇంకా?"

"ఇంకా చాలా అన్నాడక్కా. రేపు చెప్తా" అని వంటావిడ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మెడలో కార్డు అలాగే ఉంది.

హాస్టల్ చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వంటావిడ తన ఇంటికి వెళ్ళిపోయింది. పిన్ని పట్టుచీర కూడా మార్చుకోకుండా వంటింట్లో దూరి పొయ్యి వెనక చెయ్యి పెట్టింది. డబ్బా ఉంది. మూత తీసింది. సగానికి బియ్యం ఉన్నాయి, మధ్యలో పురుగు పట్టకుండా రెండు ఎండుమిరపకాయలు కూడా ఉన్నాయి.

వెనకే వచ్చిన భర్త, "పదకొండేళ్ళుగా దొంగని పట్టుకోలేకపోయావన్నమాట" అన్నాడు.

"దొంగేమిటండీ? దాచిన ప్రతి గింజా మళ్ళీ ఈ పిల్లల కడుపుల్లోకే పోయింది" అంది పిన్ని.

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. బారుగా నలభై జతలకి పైనే ఉన్నాయి. వంగి చూసింది, కూర్చుని చూసింది, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఎంత చూసినా ఆమెకి చెప్పులే కనిపించాయి.

మర్నాడు తెల్లవారుజామున కేక వినపడలేదు.

పిన్ని ఎప్పుడో లేచి కూర్చుంది. గడియారం వంక, తలుపు వంక చూస్తోంది. కేక లేకపోవడంతో పిల్లలు కూడా లేవలేదు. హాస్టల్ మొత్తం మొద్దునిద్రలో ఉంది. చివరికి తానే దిగి, సామాన్ల గది ముందు, రోజూ వంటావిడ నిలబడే చోట నిలబడింది. ఆ చోట గచ్చు కాళ్ళకి చల్లగా తగులుతుందని ఆమెకి మొదటిసారి తెలిసింది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. అయిపోయింది, నాలుగో వంటమనిషి కూడా పోయింది అనుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుండగా వెనక తలుపు కిర్రుమంది.

వంటావిడే. పాత చీరే, కొంగు నడుముకే. మెడలో మాత్రం "పార్టనర్" కార్డు.

"ఇంత ఆలస్యమేమిటే?" అంది పిన్ని, ఏడుపు మింగేసి.

"పార్టనర్లు ఆలస్యంగానే వస్తారక్కా. నిన్న అక్కడ చూశాను కదా."

"లిఫ్టాయనకి ఏం చెప్పావు?"

"ఇంకా చెప్పలేదు. ముందు నీకు చెప్దామని." గిన్నె గట్టు మీద పెట్టి ఆమె పిన్ని మొహంలోకి చూసింది. "మూడు వందల మంది ముందు నన్ను సగం అన్నావు. అబద్ధమైతే చెప్పు, ఈ కార్డు ఇచ్చేసి వెళ్ళిపోతాను. నిజమైతే కాగితం తర్వాత నిదానంగా రాసుకుందాం. కానీ రేపటి నుంచి ఈ గుమ్మం ముందు నిలబడి నేను అరవను."

పిన్ని నడుము దగ్గర రింగు పట్టుకుని సామాన్ల గది తాళంచెవిని వెతికి, లాగింది. రాలేదు. గోరుతో మూతి తీయబోయింది. గోరు విరిగింది.

"ఏవండీ!" అని కేకేసింది. భర్త నూనె తెచ్చాడు, సబ్బు తెచ్చాడు, కొత్త పట్టకారు తెచ్చాడు. ముగ్గురూ కలిసి రింగుని రుబ్బురోలు మీద పెట్టి లాగారు. పిల్లలు నోట్లో బ్రష్షులతో మెట్ల మీద చేరారు. "పిన్నీ, టిఫిన్ ఎప్పుడు? నాకు ఏడున్నరకి బస్సు!" అని పైనుంచి ఒకామె. "పిన్నీ, సుత్తి తీసుకురమ్మంటారా?" అని ఇంకొకామె. రింగు మాత్రం అత్తగారి మనసులా బిగుసుకునే ఉంది.

"పోనీ తర్వాత చూద్దాంలే" అన్నాడు భర్త చెమట తుడుచుకుంటూ.

పిన్ని వంటావిడ వంక చూసింది. ఇలాంటి పనికి తర్వాత అన్నది ఉండదని ఆమెకి తెలుసు. తాళంచెవి తీయడం మానేసి, మొత్తం రింగునే ఎత్తి, నలభై రెండు తాళంచెవులతో సహా వంటావిడ చేతిలో పెట్టేసింది. "తీసుకో. కూలగొట్టిన గేటుది కూడా నీదే."

వంటావిడ బరువుకి ఒక్క క్షణం వంగి, సర్దుకుని, తాళం తీసి, పదకొండేళ్ళలో మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. ఆ పూట టిఫిన్ గంట ఆలస్యమైంది. ఒక్క పిల్ల కూడా నోరెత్తలేదు, నోటి నిండా తిండి ఉంది కాబట్టి.

మధ్యాహ్నం లిఫ్టాయన ఫోన్ చేశాడు. వంటావిడ గరిటె పట్టుకునే ఫోన్ ఎత్తింది. "మా హాస్టల్లో వంట అస్సలు బాగుండదండీ. మీకెందుకు ఆ బాధ?" అని పెట్టేసింది. యజమాని మాట్లాడాల్సిన తీరే అది.

పిన్ని మాత్రం వారం రోజులు ఒక పక్కకి ఒరిగి నడిచింది. నడుముకి అలవాటైన బరువు పోయింది కదా. మెట్లు దిగినా చప్పుడు లేదు. ఎదురు వీధి కుక్క అయోమయంలో పడి ఆమెని చూసి మొరగడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, భర్తకి టీలోకి చక్కెర అయిపోయింది. పిన్ని గ్లాసు పట్టుకుని దిగి వచ్చింది. సామాన్ల గదికి తాళం వేసి ఉంది. కాసేపు దాని వంక చూసి, అటూ ఇటూ చూసి, గొంతెత్తింది.

"ఏమే, తాళం!"

"వస్తున్నానక్కా, కాస్త ఆగు" అని వంటింట్లోంచి జవాబొచ్చింది. "చెంచా కడుగుతున్నా. కొలిచి ఇస్తాను."